కడుపుకు 84 మార్కులు వేసిన డబ్బా: వాడిన తర్వాత నా రివ్యూ

పేగుల్లో బాక్టీరియా పరీక్ష చేసే కిట్టుకు రెండు స్టార్లు ఇస్తున్నాను. ఒకటి డబ్బాకు, అది నిజంగా గట్టి డబ్బా. రెండోది ఫోన్‌లో మాట్లాడిన అమ్మాయి ఓపికకు. రిపోర్టుకు ఏమీ లేదు.

కంపెనీ పేరు రాయడం లేదు. పేగుల్లో బాక్టీరియా పరీక్ష చేస్తామని ఆన్‌లైన్‌లో కిట్లు అమ్మేవాళ్లు ఇప్పుడు చాలామంది ఉన్నారు, నేను వాడింది ఒక్కళ్లదే, ఒక పేరు పట్టుకుని తిడితే మిగతావి బాగున్నాయేమో అనుకుని ఇంకొకటి కొంటారు. మాది నల్గొండ, రామగిరి వైపు ఉంటాం, సొంతూరు మర్రిగూడ దగ్గర. ఇది ఎందుకు చెప్తున్నానో కింద తెలుస్తుంది.

పోయిన దసరా నుంచి నాకు కడుపులో మంట. పరగడుపున ఎక్కువ, ఏదన్నా తింటే కాసేపు ఊరట, మళ్లీ అర్ధరాత్రి రెండింటికి లేపి కూర్చోబెడుతుంది. గడియారం సెంటర్ దగ్గర మెడికల్ షాపు అన్న గ్యాస్ గోలీలు ఇచ్చేవాడు, వేసుకున్నన్ని రోజులు బాగుండేది, ఆపితే మళ్లీ మొదలు. ఇంట్లో కారం తగ్గించమన్నారు, ఆఫీసులో టెన్షన్ తగ్గించుకోమన్నారు, మా బావ అయితే చాయ్ మానేయమన్నాడు, అది మాత్రం కాదన్నాను. సరిగ్గా అప్పుడే ఫోన్‌లో ఈ యాడ్ రావడం మొదలైంది. మీ గుండె, మీ లివర్, మీ చర్మం, మీ మూడ్, అన్నిటి తాళంచెవి మీ పేగుల్లోనే ఉంది, ఒక్క శాంపిల్ పంపండి చాలు అని. 7,499 రూపాయలది సంక్రాంతి ఆఫర్‌లో 5,999. డాక్టర్ దగ్గరికి పోతే గొట్టం వేస్తాడన్న భయం ఒకటి ఉంది నాకు, ఒప్పుకుంటున్నా. ఆ భయానికే ఆరువేలు కట్టాను అనుకోండి.

డబ్బా మూడు రోజుల్లో వచ్చింది. లోపల ఒక ట్యూబు, అందులో నీలం రంగు ద్రవం, మూతకు చిన్న చెంచా, గ్లవ్స్, కమోడ్ మీద అంటించే కాగితం, ఒక పుస్తకం. ఆ కాగితం వెస్టర్న్ టాయిలెట్‌కే సరిపోతుంది. మా ఇంట్లో ఉన్నది ఇండియన్. పుస్తకంలో ఇండియన్ దానికి ఏం చేయాలో ఒక్క బొమ్మ లేదు, భారతదేశంలో అమ్మే సరుకు అండీ ఇది. కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి అడిగితే అటువైపు అబ్బాయి కాసేపు నిశ్శబ్దంగా ఉండి "ఏదో ఒకటి చేయండి సార్" అన్నాడు. పాత పేపర్ పరిచి ఏదో ఒకటి చేశాను, ఆ వివరాలు మీకెందుకులెండి.

రిపోర్టు వచ్చేలోపు ఆ పుస్తకం చదివాను. ఒంట్లో ఉన్న కణాల కంటే బాక్టీరియా పది రెట్లు ఎక్కువ, వాటి బరువు రెండు కిలోలు అని మొదటి పేజీలోనే పెద్ద అక్షరాలతో ఉంది. ఇది పాత లెక్క. 2016లో శాస్త్రవేత్తలు మళ్లీ కూర్చుని లెక్కపెట్టారు: 70 కిలోల మగమనిషి ఒంట్లో సొంత కణాలు సుమారు 30 లక్షల కోట్లు, బాక్టీరియా సుమారు 38 లక్షల కోట్లు, ఆ బాక్టీరియా అంతా కలిపి తూకం వేస్తే 200 గ్రాములు. అంటే దాదాపు సరిసమానం. అందులోనూ అత్యధిక భాగం పెద్దపేగులోనే. కడుపులో యాసిడ్ ఉంటుంది కాబట్టి అక్కడ చాలా తక్కువ, చిన్నపేగులో కిందికి పోయేకొద్దీ పెరుగుతాయి, పెద్దపేగుకు వచ్చేసరికి గ్రాముకు పదివేల కోట్లు. ఈ ఒక్క ముక్క అర్థమైతే కిట్టు ఏం చెప్పగలదో ఏం చెప్పలేదో కూడా అర్థమవుతుంది. మనం పంపే శాంపిల్ పెద్దపేగు చివరి గడప దగ్గర దొరికిన సరుకు. దాన్ని చూసి పై అంతస్తుల్లో ఎవరున్నారో చెప్పడం అంటే, మా వీధి చివర చెత్తబండి చూసి ఏ ఇంట్లో ఎవరికి జ్వరమో చెప్పడం లాంటిది.

ఇరవై ఐదు రోజులకు 42 పేజీల పీడీఎఫ్ వచ్చింది. ఎంత రంగులండీ, పెళ్లి ఆల్బమ్ లాగా ఉంది. బాక్టీరియా డీఎన్‌ఏలో అన్ని జాతుల్లోనూ ఉండే ఒక జీన్ ముక్కను చదివి, దాంట్లో తేడాలను బట్టి ఎవరెవరు ఎంత శాతం ఉన్నారో చెప్తారు, ఆ పద్ధతి నిజమైనదే, పరిశోధనల్లో వాడేదే. ప్రీవోటెల్లా, బాక్టీరాయిడీస్, ఫీకాలిబ్యాక్టీరియం, ఎషరీకియా అంటూ నాలుగు పేజీలు పేర్లు. అక్కడితో ఆగితే బాగుండేది. ఆ తర్వాత ఒక్కో అవయవానికి ఒక్కో పేజీ, ఒక్కో బొమ్మ, మార్కులు. గుండె 81. లివర్ 77. మెదడు 68. చర్మం 70. కడుపు 84. పదో తరగతి మెమో చూసుకున్నట్టు చూసుకున్నాను. మెదడుకు తక్కువ వచ్చిందని మా ఆవిడ రెండు రోజులు నవ్వింది.

కడుపుకు 84. మంట మాత్రం ఆ రోజు రాత్రి కూడా రెండింటికే లేపింది.

కిట్టుతో పాటు డైటీషియన్‌తో అరగంట వీడియో కాల్ ఫ్రీ. అమ్మాయి మర్యాదగా మాట్లాడింది, హిందీ, ఇంగ్లిష్ కలిపి, నాకు అర్థం కాకపోతే మళ్లీ చెప్పింది. అయితే ఆమె ముందున్న స్క్రీన్‌లో ఏముంటే అదే చెప్పాలి పాపం. నా పళ్ల మీద మచ్చలు చూసి నోట్లో చెడు బాక్టీరియా ఎక్కువ ఉన్నట్టుంది, సిగరెట్ తాగుతారా అని అడిగింది. మర్రిగూడ వైపు బోరునీళ్లు తాగి పెరిగినవాళ్ల పళ్లు చూసి బాక్టీరియా అంటే మన నల్గొండోళ్లకు నవ్వాలో ఏడవాలో తెలియదు. పళ్లను పుచ్చబెట్టేది స్ట్రెప్టోకాకస్ మ్యూటన్స్ లాంటి బాక్టీరియా, చక్కెర తిని యాసిడ్ వదులుతుంది, ఆ యాసిడ్‌కు పన్ను కరుగుతుంది. మన మచ్చలకు కారణం ఫ్లోరైడ్, రాళ్లలోంచి నీళ్లలోకి వచ్చిన ఖనిజం, చిన్నప్పుడు పన్ను తయారయ్యేటప్పుడే లోపల చేరింది, దాంట్లో ఏ క్రిమీ లేదు. పటిక, సున్నం వేసి నీళ్లలో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి మన ఊరి పేరే పెట్టారు, నల్గొండ టెక్నిక్ అని, నాగపూర్‌లో ఉన్న నీరి అనే పర్యావరణ పరిశోధన సంస్థ వాళ్లు. ఆమెకు ఇదంతా చెప్తే ఆసక్తిగా విని నోట్ చేసుకుంది. అందుకే ఆ స్టారు.

ప్రీవోటెల్లా ఎక్కువ ఉంది, తగ్గించుకోవాలి అన్నది ఇంకో సలహా. దేంతో పోలిస్తే ఎక్కువ? జొన్నలు, బియ్యం, పప్పులు దండిగా తినే మన దేశపు జనం పేగుల్లో అది ఎక్కువ ఉండటం మామూలు సంగతి. మాంసం, కొవ్వు ఎక్కువ తినే దేశాల వాళ్ల లెక్కతో పోల్చి చూస్తే మనది ఎప్పుడూ ఎర్ర రంగులోనే కనిపిస్తుంది. తినమన్నవి అవకాడో, బ్లూబెర్రీ, కెఫిర్ అనే పులియబెట్టిన పాలు. ప్రకాశం బజార్‌లో అవకాడో అడిగితే పండ్లాయన "వారం ముందు చెప్తే హైదరాబాద్ నుంచి తెప్పిస్త అన్నా" అన్నాడు. జొన్న గట్క, సల్ల తింటే పనికొస్తుందా అని అడిగాను. ఆమె లిస్టులో గట్క లేదు. స్పెల్లింగ్ అడిగింది.

ఇక అసలు సంగతి. రిపోర్టు వచ్చిన వారంలోనే అమ్మకు చలిజ్వరం. ఊర్లో ఉంటుంది, అరవై దాటింది. మూత్రానికి పోతే మంట అని రెండు వారాలుగా ఎవరికీ చెప్పకుండా సబ్జా నీళ్లు తాగుతూ కూర్చుంది. నల్గొండ తీసుకొచ్చి చూపిస్తే డాక్టరమ్మ మూత్రం కల్చర్ రాశారు, అంటే మూత్రంలో ఏ క్రిమి ఉందో పెంచి చూసే పరీక్ష. 600 రూపాయలు, రెండు రోజులు. రిపోర్టు ఒక్క పేజీ, బొమ్మల్లేవు. ఇ.కోలై, మిల్లీలీటరుకు లక్షకు పైగా. కింద మందుల పేర్లు, ఏది పనిచేస్తుందో ఏది పనిచేయదో ఎస్, ఆర్ అని వరసగా. ఆ ఇ అంటే ఏంటని వెతికితే ఎషరీకియా. నా 42 పేజీల్లో ఆకుపచ్చ రంగులో, సరైన మోతాదులో ఉంది, ఆరోగ్యకరం అని రాసిన పేరు అదే. 1885లో థియోడర్ ఎషరిక్ అనే జర్మన్ డాక్టర్ పసిపిల్లల విరేచనాల్లో దీన్ని కనిపెట్టాడు, ఆయన పేరే పెట్టారు.

అమ్మకు రెండు రిపోర్టులూ పక్కపక్కన పెట్టి చూపించాను. ఆమె అద్దాలు సరిచేసుకుని చూసి "నీ దాంట్ల ఉంటె మంచిదట, నా దాంట్ల ఉంటె రోగమట, గిదేం లెక్క బిడ్డా?" అంది.

42 పేజీల్లో ఈ ప్రశ్నకు జవాబు లేదు. కంపెనీకి మెయిల్ పెడితే 'మీ ప్రశ్న మాకు ముఖ్యం' అని వచ్చింది. జవాబు డాక్టరమ్మ చెప్పారు, మందుల చీటీ రాస్తూ రాస్తూనే. పేగులో అది ఇంటిమనిషి, అక్కడ దానికి తిండి ఉంది, పని ఉంది, చుట్టూ వేల రకాల పొరుగువాళ్లు ఉండి దాన్ని హద్దులో పెడతారు. అదే నాలుగు అంగుళాలు పక్కకు జరిగి మూత్రం దారిలోకి ఎక్కితే అక్కడ దాన్ని ఆపేవాళ్లు తక్కువ. ఆడవాళ్లలో ఆ దారి నాలుగు సెంటీమీటర్లే, మగవాళ్లకు దానికి నాలుగైదు రెట్లు, అందుకే ఈ బాధ ఆడవాళ్లకే ఎక్కువ. అన్ని ఇ.కోలైలూ ఎక్కలేవట, మూత్రసంచి గోడను పట్టుకునే సన్నని పోగులు ఉన్న రకాలే అక్కడ నిలబడతాయి, లేకపోతే మూత్రంతో పాటు కొట్టుకుపోతాయి. సంచిలో ఆగితే మంట, ఇంకా పైకి ఎక్కి కిడ్నీకి చేరితే చలిజ్వరం, నడుము పక్కన నొప్పి. ముట్లుడిగిన తర్వాత ఇది ఎందుకు పెరుగుతుందో కూడా చెప్పారు: ఆ వయసు దాకా జననాంగం దగ్గర లాక్టోబాసిల్లస్ జాతి బాక్టీరియా ఉండి పులుపు వదులుతూ కాపలా కాస్తాయి, హార్మోన్ తగ్గగానే అవి తగ్గుతాయి, కాపలా లేని గడపలోకి ఇది వస్తుంది. అంటే పెరుగు తోడుపెట్టే బాక్టీరియాకు దాయాదులే అక్కడ కావలి. అమ్మకు ఇది బాగా నచ్చింది, ఊర్లో అందరికీ చెప్పింది, ఎవరు ఎలా అర్థం చేసుకున్నారో ఏమో, మా పెద్దమ్మ రెండు పూటలా సల్లే తాగుతోందట.

కాబట్టి కిట్టు మీద నా మొదటి ఫిర్యాదు ఇదే. ఏ క్రిమి ఎంత ఉందని చెప్తుంది, ఎక్కడ ఉందని చెప్పదు. ఒంట్లో బాక్టీరియా సంగతి సగానికి సగం అడ్రస్‌లోనే ఉంది.

లివర్‌కు 77 అన్నారు కదా. మా చిన్నాయన లివర్ తాగి తాగి గట్టిపడిపోయింది, ఐదేళ్ల కిందటి మాట. ఒక చలికాలం పగలంతా నిద్ర, రాత్రంతా మెలకువ, పొంతన లేని మాటలు, చేతులు చాపమంటే పిట్ట రెక్కల్లా టపటపా కొట్టుకునేవి. గాలి సోకిందని తాయెత్తు కట్టారు. ఆస్పత్రికి తీసుకుపోతే డాక్టర్ సార్ అడిగిన మొదటి ప్రశ్న, విరేచనం అయి ఎన్ని రోజులైంది అని. మాకు అర్థం కాలేదు, మనిషికి మతి పోతే ఈయన ఇదేం అడుగుతున్నాడు అని. ఆయన రాసింది కూడా మలబద్ధకానికి ఇచ్చే తియ్యటి సిరప్, లాక్టులోజ్, రోజుకు రెండు మూడు సార్లు విరేచనం కావాలి అని చెప్పి. రెండో రోజుకు చిన్నాయన నన్ను గుర్తుపట్టి బీడీ అడిగాడు.

జరిగింది ఏంటంటే, పెద్దపేగులో బాక్టీరియా మాంసకృత్తులను, యూరియాను విడగొట్టేటప్పుడు అమ్మోనియా పుడుతుంది. ఇది మన అందరిలో రోజూ జరిగేదే. పేగుల వైపు రక్తమంతా పోర్టల్ సిర గుండా ముందు లివర్‌కే పోతుంది, లివర్‌కు చేరే రక్తంలో నాలుగింట మూడొంతులు ఆ దారినే వస్తుంది. లివర్ ఆ అమ్మోనియాను యూరియాగా మార్చి కిడ్నీలకు పంపేస్తుంది. లివర్ చెడితే అమ్మోనియా వడపోత లేకుండా మెదడుకు ఎక్కుతుంది. ఆ సిరప్‌ను పేగులో బాక్టీరియా తిని యాసిడ్ చేస్తాయి, పులుపులో అమ్మోనియా రూపు మారి రక్తంలోకి పోలేక పేగులోనే ఉండిపోయి విరేచనంతో బయటపడుతుంది. తర్వాత రిఫాక్సిమిన్ అని ఇంకో మందు కూడా ఇచ్చారు, అది యాంటీబయాటిక్, రక్తంలోకి దాదాపు ఎక్కదు, పేగులోనే పనిచేస్తుంది. లివర్ జబ్బుకు, మెదడులో గొడవకు, మందు పేగులో ఉన్న బాక్టీరియాకు. అవయవాలకు బాక్టీరియాకు సంబంధం అంటే ఇదీ, చూసి నోరు తెరిచే సంగతి. ఈ కిట్టులో లివర్ పేజీలో ఏముంది? పసుపు పాలు తాగండి అని ఉంది.

గుండెకు 81 దగ్గర నాకు కొంచెం కోపమే వచ్చింది. మా మేనకోడలికి చిన్నప్పుడు గొంతునొప్పి వచ్చి తగ్గింది, కొన్ని వారాలకు కీళ్లు ఒకదాని తర్వాత ఒకటి వాచాయి, ఆ తర్వాత గుండె వాల్వు దెబ్బతిన్నదని తేలింది. రుమాటిక్ జ్వరం. గొంతులో వచ్చిన ఒక రకం స్ట్రెప్టోకాకస్ మీద ఒళ్లు యుద్ధానికి దిగి, ఆ క్రిమి లాగే కనిపిస్తున్నాయని సొంత గుండె వాల్వుల మీద, కీళ్ల మీద కూడా పడుతుంది. గుండెలో బాక్టీరియా ఒక్కటి కూడా ఉండదు, అది గొంతులో వచ్చి పోయింది, దెబ్బ మాత్రం గుండెకు. మళ్లీ గొంతుకు ఆ క్రిమి రాకుండా 21 రోజులకోసారి పెన్సిలిన్ సూది, ఏళ్ల తరబడి. ఆ సూది నొప్పికి పిల్ల కుంటుకుంటూ బడికి పోయేది. మళ్లీ ఇలా వాల్వు చెడినవాళ్లకు ఇంకో ప్రమాదం ఉంది, నోట్లో మామూలుగా ఉండే స్ట్రెప్టోకాకస్‌లు చిగుళ్ల గాయం గుండా రక్తంలోకి ఎక్కి ఆ వాల్వు మీదే కూర్చోవచ్చు, అందుకే పన్ను పీకించేటప్పుడు డెంటల్ డాక్టర్‌కు గుండె సంగతి ముందే చెప్పాలి. ఇందులో ఏదీ విరేచనం శాంపిల్‌లో కనపడదు. మరి 81 ఎక్కడి నుంచి వచ్చింది?

మెదడు 68 గురించి ఎక్కువ చెప్పను. మూడ్‌తో సంబంధం ఉన్న సెరోటోనిన్ అనే రసాయనంలో తొంభై శాతం పేగులోనే తయారవుతుంది కాబట్టి మీ సంతోషం పేగులోనే ఉంది అని రాశారు. తొంభై శాతం మాట నిజమే. కానీ పేగులో తయారైన సెరోటోనిన్ మెదడు గడప దాటదు, మెదడు తనది తాను చేసుకుంటుంది. పేగు నుంచి మెదడుకు నరం ఉంది, వేగస్ అంటారు, దాని మీద పరిశోధనలు జరుగుతున్నాయి, బాగుంది, జరగనివ్వండి. దానికి నాకు 68 ఎందుకు వేయాలి?

చివరికి మార్చిలో ధైర్యం చేసి ఎండోస్కోపీ, అదే ఆ గొట్టం పరీక్ష, చేయించుకున్నాను. నల్గొండలోనే. గొంతుకు స్ప్రే కొట్టారు, ఐదు నిమిషాలు, అంతే, దీనికోసం ఆరు నెలలు భయపడ్డాను. కడుపు చివర పుండు. లోపలి నుంచి చిటికెడు ముక్క తీసి పసుపు జెల్ ఉన్న చిన్న బిళ్లలో పెట్టారు, నా కళ్ల ముందే గులాబీ రంగుకు తిరిగింది. హెలికోబ్యాక్టర్ పైలోరీ ఉంది అన్నారు సార్. 84 మార్కులు వచ్చిన కడుపులో. కిట్టు రిపోర్టు మొత్తం మళ్లీ తిరగేశాను, ఈ పేరు ఒక్కచోట కూడా లేదు. దీనికి విరేచనంలో చూసే వేరే పరీక్ష ఉంది, తక్కువ ఖర్చులోనే, వీళ్లు అమ్మేది అది కాదు.

కడుపు యాసిడ్‌లో ఏ క్రిమీ బతకదని చాలాకాలం అనుకున్నారు. ఇది యూరియాను విడగొట్టి తన చుట్టూ అమ్మోనియా పొర కట్టుకుంటుంది, యాసిడ్ అక్కడ విరిగిపోతుంది. ఆ బిళ్ల రంగు మారింది కూడా ఆ అమ్మోనియాకే. చూశారా, చిన్నాయనకు మతి పోగొట్టిన అమ్మోనియానే నా కడుపులో ఈ క్రిమికి గొడుగు. ఆస్ట్రేలియాలో పెర్త్‌లో రాబిన్ వారెన్, బారీ మార్షల్ అనే ఇద్దరు డాక్టర్లు పుండ్లకు కారణం టెన్షనూ కారమూ కాదు, ఈ క్రిమి అంటే ఎవరూ నమ్మలేదు. 1984లో మార్షల్ దాన్ని పెంచిన ద్రావణం తానే తాగాడు, కొన్ని రోజుల్లో వాంతులు, కడుపులో వాపు. 2005లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది. మా ఇంట్లో మాత్రం ఇంకా కారం మీదే నెపం ఉంది. అందరికీ పుండు పడదు, ఈ క్రిమి మన దేశంలో చాలామంది కడుపుల్లో ఊరికే ఉంటుంది, కానీ కొందరిలో పుండు, కొద్దిమందిలో క్యాన్సర్ దాకా పోతుంది, 1994లోనే దీన్ని క్యాన్సర్ కారకాల జాబితాలో చేర్చారు. పద్నాలుగు రోజుల కోర్సు రాశారు. నోరంతా ఇనుప చేదు, ఐదో రోజు నుంచి మోషన్స్, కానీ పూర్తి చేశాను. మధ్యలో ఆపితే మిగిలిన క్రిములు మందుకు అలవాటు పడతాయి, దయచేసి మీరూ ఆపకండి.

కోర్సు అయిన రెండో రోజే కంపెనీ నుంచి ఫోన్. రీటెస్ట్‌కు 30 శాతం తగ్గింపు అట. యాంటీబయాటిక్ వాడాను, పేగులో పంట కోసిన చేను లాగా ఉంటుంది ఇప్పుడు, ఏం చూస్తారు అని అడిగాను. "అందుకే సార్, ఇప్పుడు మీకు మా ప్రోబయోటిక్ కూడా కావాలి" అన్నాడు. మేలు చేసే బాక్టీరియా అని అమ్మే డబ్బా అది, నెలకు 1,800. ఇక్కడ అర్థమైంది, కిట్టు అనేది గాలం, చేప ఆ డబ్బాలో ఉంది. పైలోరీ పోయిందా లేదా చూసే పరీక్ష కూడా మందులు ఆపిన నాలుగు వారాలకు చేయించాలి, యాసిడ్ గోలీ రెండు వారాల ముందే ఆపాలి, తొందరపడితే తప్పుడు ఫలితం వస్తుంది అని డాక్టర్ సార్ ముందే చెప్పారు. మేలో చేయించాను, పోయింది. రాత్రి రెండింటికి ఇప్పుడు లేవడం లేదు.

పేగు బాక్టీరియా అంతా బోగస్ అంటున్నానని అనుకోకండి. మన పెద్దపేగు లోపలి పొర కణాలు బతికేదే బాక్టీరియా వండిపెట్టే తిండి మీద: మనకు అరగని పీచు వాటికి దొరికితే బ్యూటిరేట్ అనే పదార్థం చేస్తాయి, ఆ కణాలకు అదే ప్రధాన ఇంధనం. రక్తం గడ్డకట్టడానికి కావలసిన విటమిన్ కె కొంత అవే చేస్తాయి, అప్పుడే పుట్టిన పిల్లల పేగుల్లో ఇంకా ఎవరూ చేరలేదు, తల్లిపాలలోనూ అది తక్కువ, అందుకే పుట్టగానే విటమిన్ కె సూది వేస్తారు. యాంటీబయాటిక్‌ల తర్వాత పేగులో చెడ్డ క్రిమి ఒకటి మళ్లీ మళ్లీ తిరగబెట్టే రోగులకు ఆరోగ్యవంతుల విరేచనం నుంచి తీసిన బాక్టీరియానే మందుగా ఇవ్వడానికి 2022లో అమెరికా అనుమతి ఇచ్చింది. ఇది చెప్తే అమ్మ పళ్లెం పక్కకు జరిపింది, అన్నం ముందు చెప్పడం నాదే తప్పు. కానీ వీటిలో వేటికీ నాకు 42 పేజీలు అవసరం పడలేదు. పీచు జొన్నల్లో ఉంది, రాత్రి మిగిలిన చల్లటి అన్నంలో కూడా అరగని పిండి కొంత పెరుగుతుంది, పాత సద్దికి ఆ లెక్కలో విలువ ఉంది, సల్లలో బాక్టీరియా పేగులో కాపురం పెట్టకుండా దాటిపోయేవే ఎక్కువైనా తాగితే నష్టం లేదు. 1,800 డబ్బాలో ఉన్నవి కూడా చాలావరకు అలా దాటిపోయేవే.

లెక్క కట్టాను. కిట్టు 5,999, అమ్మ కల్చర్ 600. కల్చర్ చూసి డాక్టరమ్మ మందు మార్చారు, మొదట ఇచ్చిన గోలీ ఎదురుగా ఆర్ ఉంది. ఐదు రోజుల్లో అమ్మ పొలం దాకా నడిచింది. కిట్టు చూసి నా జీవితంలో మారింది ఒక్కటే, మా ఆవిడ నన్ను ఇప్పటికీ 68 అని పిలుస్తుంది.

ఎన్ని చెప్పినా కొనేవాళ్లు కొంటారు, నేనూ కొన్నాను కదా. కొనేటట్టయితే, యాంటీబయాటిక్ ఏదైనా వాడి ఉంటే కనీసం రెండు మూడు నెలలు ఆగి చేయించండి, కడుపులో మంట, విరేచనంలో రక్తం, బరువు తగ్గడం లాంటివి ఉంటే కిట్టు ముట్టుకోకుండా డాక్టర్ దగ్గరికి పొండి. ఇంట్లో ఇండియన్ టాయిలెట్ ఉంటే వాళ్లిచ్చే కాగితం మీద ఆశ పెట్టుకోకండి. నల్గొండలో ఉండేవాళ్లయితే శుక్రవారం పికప్ బుక్ చేయకండి, నా శాంపిల్ సోమవారం దాకా కొరియర్ ఆఫీసులో ఎండుమిర్చి బస్తాల మధ్య కూర్చుంది, ట్రాకింగ్‌లో మాత్రం బెంగళూరు చేరిందని చూపించింది.